టీవీ సైన్స్ ఫిక్షన్ రచయిత కామిక్ స్క్రిప్టు రాయాలంటే

'బాబిలాన్ 5' అనే టీవీ సైన్స్ ఫిక్షన్ సీరియల్ 110 ఎపిసోడ్లలో 92 రాసిన జె. మైకేల్ స్ట్రాజిన్‌స్కీ 2001లో స్పైడర్‌మ్యాన్ కామిక్ రాయడం మొదలుపెట్టాడు. సంభాషణ, మలుపులు, సీజన్ పొడవునా కథను లాక్కెళ్లే ఓపిక... టీవీలో అబ్బిన ఈ విద్యలన్నీ కామిక్స్‌లోనూ అక్కరకొస్తాయి. కదలిక మాత్రం ఉండదు. తొలి స్క్రిప్టులు దెబ్బతినేది ఎక్కువగా అక్కడే.

ముందు కొలత చూసుకోండి. అమెరికన్ నెలవారీ సంచికలో కథకు దక్కేది 20 నుంచి 22 పేజీలు. పేజీకి 5 లేదా 6 ప్యానెళ్లు (బొమ్మల గళ్లు), పోరాటమైతే 3 లేదా 4. ప్రకటనలు పోను 42 నిమిషాలు నడిచే ఎపిసోడ్ కథ ఇందులో పట్టదు. రెండు సంచికలు చేయండి, లేదంటే ఉపకథను పూర్తిగా తీసేయండి. కుక్కి ఇరికిస్తే మాట్లాడే ముఖాలు తప్ప బొమ్మలో ఏమీ మిగలదు.

ఒక ప్యానెల్‌లో ఒక మనిషికి ఒకే పని. 'కెప్టెన్ కుర్చీలోంచి లేచి, తలుపు తీసి, తుపాకీ గురిపెట్టాడు' అని రాస్తే ఆర్టిస్టు ఏది గీయాలి? అవి మూడు ప్యానెళ్లు. లేదా తలుపు తెరుచుకున్న క్షణం ఒక్కటే చాలు, మిగతాది రెండు బొమ్మల నడుమ ఖాళీలో పాఠకుడే ఊహించుకుంటాడు. ఆ క్షణాన్ని ఎంచుకోవడమే కామిక్ రచయిత అసలు పని.

తెరిచిన పుస్తకంలో సరిసంఖ్య పేజీ ఎడమన, బేసి పేజీ కుడిన ఉంటాయి. కన్ను రెండింటి మీదా ఒకేసారి పడుతుంది. గ్రహాంతరవాసి ముఖం 7వ పేజీలో పెడితే 6 చదువుతుండగానే గుట్టు బయటపడుతుంది. ప్రశ్నను 7వ పేజీ చివరి ప్యానెల్‌లో ఉంచి, జవాబును 8లో చూపించండి. మధ్యలో ప్రకటనలు వస్తే ఈ లెక్క మారుతుంది కాబట్టి అవి ఎక్కడ పడతాయో ఎడిటర్ని ముందే అడగండి. ఫోన్లో కిందికి జరుపుతూ చదివే కామిక్‌లో పేజీ తిప్పడం ఉండదు, ప్యానెళ్ల మధ్య వదిలే ఖాళీయే ఆ పని చేస్తుంది.

మాటల దగ్గర టీవీ అలవాటు బాగా ఇబ్బంది పెడుతుంది. ఇంగ్లీషు కామిక్స్‌లో పేజీకి 210 మాటలు, బెలూన్‌కి (పాత్ర మాటలు రాసే బుడగకి) 25 మించకూడదని ఒక పాత లెక్క ఉంది. తెలుగుకి అది పనికిరాదు. మన మాటలు పొడవు, పైన గుడులు, కింద ఒత్తులు ఉండడంతో వరుసల మధ్య ఎడం కూడా ఎక్కువ కావాలి. బెలూన్‌కి 12 నుంచి 15 మాటల దగ్గర ఆపేయడం మంచిది. ముందుగా మాట్లాడే పాత్ర బొమ్మలో ఎడమవైపు ఉండాలని స్క్రిప్టులోనే రాయండి, లేకపోతే బెలూన్ల తోకలు ఒకదాన్నొకటి దాటుకుంటాయి. అక్షరాలు ఫొటోషాప్‌లో పెడుతుంటే టైప్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోవాలి. అది మరిస్తే ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి.

'పదివేల నౌకలు' అని రాయడానికి మీకు అర నిమిషం పడితే, గీయడానికి ఆర్టిస్టుకు రోజులు పడతాయి. అలాంటి ప్యానెల్ పేజీకి ఒకటి మించకుండా చూసుకుని, చుట్టూ దగ్గరి బొమ్మలు వేయించండి. ముఖ్యమైన నౌకకు ముందు, పక్క, పై రూపాలతో ఒక నమూనా పేజీ గీయించి, పరిమాణం తెలిసేలా పక్కన మనిషిని నిలబెట్టమనండి. అది లేకపోతే నౌక ప్యానెల్‌కో సైజులో తేలుతుంది.



ఇక హక్కులు. బీబీసీ సైన్స్ ఫిక్షన్ సీరియల్ 'డాక్టర్ హూ' కోసం 1963లో డాలెక్‌లనే యంత్ర కవచపు విలన్లను సృష్టించిన రచయిత టెర్రీ నేషన్ వాటి హక్కుల్లో వాటా అట్టేపెట్టుకున్నాడు. 1965 నుంచి అవి వారపత్రికలో కామిక్‌గా, దుకాణాల్లో ఆటబొమ్మలుగా వచ్చినప్పుడు ఆదాయం ఆయనకూ అందింది. వాటి రూపం గీసిన రేమండ్ కుసిక్ బీబీసీ ఉద్యోగి కావడంతో ఆ రాయల్టీ దక్కలేదు. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, హక్కులు రాసిచ్చే ఒప్పందంలో గడువు లేకపోతే 5 ఏళ్లుగానూ, ప్రాంతం లేకపోతే భారతదేశం వరకేగానూ భావిస్తారు. ఛానెల్ ఇచ్చే కాగితంలో 'అన్ని మాధ్యమాలు, శాశ్వతంగా' అని ఉంటే సంతకానికి ముందే కామిక్, నవల, ఆడియో, గేమ్ అని పేరుపేరునా మీకు మినహాయింపు రాయించుకోండి.