అమెరికన్ ఫుట్‌బాల్ చూడటం నేర్చుకుందాం – 7వ పాఠం: బోల్తా కొట్టిన పిక్‌ని చదవడం

ముందు పోయిన పాఠం లెక్క తేల్చేద్దాం. 1995 డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట; ఆ వంతునే పిక్ అంటారు) ఫిలడెల్ఫియా ఈగల్స్ తమ 12వ పిక్‌నీ, రెండు రెండో రౌండ్ పిక్‌లనీ టాంపా బే బకనీర్స్‌కి ఇచ్చి, బదులుగా 7వ పిక్‌నీ ఒక మూడో రౌండ్ పిక్‌నీ తీసుకుంది. ఎవరి కోసం ఇంత తొందర, చివరికి లాభం ఎవరికి అని అడిగాను.

మైక్ మాములా అనే డిఫెన్స్ ఆటగాడి కోసం. టాంపా బే ఆ 12వ పిక్‌తో వారెన్ సాప్‌ని తీసుకుంది. అదనంగా వచ్చిన పిక్‌లని మళ్లీ మార్చుకుని 28వ స్థానంలో డెరిక్ బ్రూక్స్‌ని తెచ్చుకుంది. ఇద్దరూ ఇప్పుడు హాల్ ఆఫ్ ఫేమ్‌లో, అంటే ఆటలో మహామహుల జాబితాలో ఉన్నారు. మాములా ఐదు సీజన్లు ఆడి 31.5 శాక్‌లతో ఆపేశాడు (ఎదుటి జట్టులో బంతి విసిరేవాణ్ని, అంటే క్వార్టర్‌బ్యాక్‌ని, పట్టి పడేయడమే శాక్). "పేరులోనే ఉంది కదా" అని మా ఇంట్లో నవ్వారు. నిజానికి 31.5 చెత్త అంకె ఏం కాదు. మామూలు ఆటగాడే తప్ప పనికిరానివాడు కాదు. అయినా బస్ట్‌ల, అంటే బోల్తా కొట్టిన పిక్‌ల, జాబితా ఎవరు రాసినా అతని పేరు ఉంటుంది. ఎందుకు ఉంటుందో, ఉండాలో లేదో సొంతంగా తేల్చుకోవడమే ఈ వారం నేర్చుకునే పని.

కొత్తగా చేరినవాళ్లకి ఒక్క మాట. డ్రాఫ్ట్ అంటే ఐపీఎల్ వేలం లాంటిది కాదు. ఇక్కడ ఎవరూ పాట పాడరు. పోయిన ఏడాది అందరికంటే అధ్వానంగా ఆడిన జట్టుకి మొదటి పిక్, గెలిచిన జట్టుకి ఆ రౌండ్‌లో చివరి పిక్. మొత్తం ఏడు రౌండ్లు. కావాలంటే వరుసలో స్థానాన్ని ఇంకో జట్టుతో మార్చుకోవచ్చు. పైన ఈగల్స్ చేసింది అదే.

ఇప్పుడు నోట్‌బుక్‌లో ఒక పేజీని నిలువుగా నాలుగు గళ్లు చేయండి. ఏం ఇచ్చారు, ఏం చూశారు, ఎలాంటి జట్టులో పడ్డాడు, పక్కవాడు ఏం చేశాడు. ఏ ఆటగాడి గురించైనా ఈ నాలుగూ నిండాకే "బస్ట్" అనే మాట వాడదాం.

రెండో గడి మాములాతోనే నేర్చుకోవచ్చు. ఏటా ఫిబ్రవరి చివర్లో ఇండియానాపోలిస్‌లో కంబైన్ అని ఒకటి జరుగుతుంది. 40 యార్డుల పరుగు, నిలబడిన చోటి నుంచి ఎగరడం, 225 పౌండ్ల బరువుని బెంచ్ మీద పడుకుని ఎన్నిసార్లు ఎత్తగలడు, ఇలాంటి పరీక్షలు. 225 పౌండ్లంటే మన లెక్కలో 102 కిలోలు. అప్పట్లో చాలామంది కాలేజీలో ఆడినట్టే వచ్చి పరీక్ష ఇచ్చి పోయేవాళ్లు. మాములా ఆ పరీక్షల కోసమే విడిగా తర్ఫీదు పొంది వచ్చాడు. ఎంసెట్ కోచింగ్ చూసినవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. ర్యాంకు వచ్చింది. ర్యాంకు అబద్ధం కాదు, కానీ అది పరీక్షలో వచ్చిన ర్యాంకు.

వెర్నన్ గోల్‌స్టన్‌ది ఇంకా ఘోరం. 2008లో న్యూయార్క్ జెట్స్ 6వ పిక్‌తో తీసుకుంది. కంబైన్‌లో ఆ 102 కిలోలని 37 సార్లు ఎత్తాడు. అతని పని ఎదుటి క్వార్టర్‌బ్యాక్‌ని పట్టి పడేయడం, అంటే శాక్. మూడు సీజన్లలో 45 మ్యాచ్‌లు ఆడాడు. శాక్‌లు సున్నా. నేను తప్పు టైప్ చేయలేదు, సున్నానే.

చూసినదే నిజం కాకపోయిన సందర్భం కూడా ఉంది. 1989లో గ్రీన్ బే ప్యాకర్స్ 2వ పిక్‌తో టోనీ మాండరిచ్‌ని తీసుకుంది. కొండలాంటి మనిషి, పత్రికల ముఖచిత్రాల మీద వెలిగిపోయాడు. మూడు సీజన్ల తర్వాత జట్టు వదిలేసింది. కాలేజీ రోజుల్లో స్టెరాయిడ్లు వాడానని 2008లో తనే ఒప్పుకున్నాడు. ఆ ఏడాది 1, 3, 4, 5 పిక్‌లు ట్రాయ్ ఐక్‌మన్, బ్యారీ శాండర్స్, డెరిక్ థామస్, డియాన్ శాండర్స్. నలుగురూ హాల్ ఆఫ్ ఫేమ్. పాపం, మధ్యలో ఇతనొక్కడు.

ఇక అసలు ఉదాహరణకి వద్దాం. దీని మీదే ఎక్కువసేపు కూర్చుందాం.

1998. కాలేజీ ఆటలో ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లు, పేటన్ మానింగ్, రయాన్ లీఫ్. ఎవరు ముందు, ఎవరు తర్వాత అని అప్పుడు నిజంగానే వాదించుకున్నారు. ఇండియానాపోలిస్ కోల్ట్స్ మానింగ్‌ని తీసుకుంది. శాన్ డియేగో చార్జర్స్ 3వ స్థానం నుంచి 2కి ఎక్కి లీఫ్‌ని తీసుకుంది. ఆ ఒక్క మెట్టు కోసం అరిజోనా జట్టుకి రెండు మొదటి రౌండ్ పిక్‌లు, ఒక రెండో రౌండ్ పిక్, ఇద్దరు ఆటగాళ్లు ఇచ్చింది. ఆపైన లీఫ్‌కి సంతకం బోనస్ 1.125 కోట్ల డాలర్లు. మొదటి గడి నిండిపోయింది.

మొదటి రెండు మ్యాచ్‌లూ లీఫ్ గెలిచాడు. మూడోది కాన్సస్ సిటీలో, వానలో. స్కోరు పట్టికలో అతని వరుస ఇలా ఉంటుంది: 1-15, 4, 0, 2. దీన్ని విప్పుదాం. 15 సార్లు విసిరాడు, ఒక్కటి అందింది. వచ్చినవి 4 యార్డులు. టచ్‌డౌన్‌లు (బంతిని ఎదుటివాళ్ల చివరి గీత దాటించడం) లేవు. రెండుసార్లు బంతి ఎదుటివాళ్ల చేతిలో పడింది, అంటే ఇంటర్‌సెప్షన్. బంతి జారవిడిచినవి ఇందులో లెక్క కాదు, అవి వేరే.

క్వార్టర్‌బ్యాక్‌లకి పాసర్ రేటింగ్ అని ఒక మార్కు ఉందని నాలుగో పాఠంలో చెప్పుకున్నాం. 0 నుంచి 158.3 దాకా. ఇందులో ఒక తమాషా ఉంది. విసిరిన ప్రతి బంతినీ కావాలని నేలకేసి కొట్టినా 39.6 వస్తుంది, ఇంటర్‌సెప్షన్ లేనందుకు. ఆ రోజు లీఫ్‌కి వచ్చింది 0. మర్నాడు లాకర్ రూమ్‌లో ఒక విలేకరి మీద కేకలేస్తూ కెమెరాకి దొరికిపోయాడు. జనం గుర్తుపెట్టుకున్నది ఆ కేకల్నే.

ఇప్పుడు నాలుగో గడి. ముందు మానింగ్. మొదటి ఏడాది అతను 28 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. కొత్త ఆటగాళ్లలో అదొక రికార్డు. లీఫ్ 15 ఇచ్చాడు. అయితే లీఫే నయమా? ఇక్కడే కొత్తవాళ్లు జారిపడతారు. ఉత్త అంకెని ఎప్పుడూ పోల్చకండి, విసిరిన సంఖ్యతో భాగించండి. మానింగ్ 575 సార్లు విసిరాడు, అంటే ఇంటర్‌సెప్షన్లు 4.9 శాతం. లీఫ్ 245 సార్లు, 6.1 శాతం. తేడా ఉంది గానీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత కాదు. టచ్‌డౌన్‌లు చూడండి. మానింగ్ 26, 4.5 శాతం. లీఫ్ 2, 0.8 శాతం. మానింగ్ తప్పులు చేస్తూ పని కూడా చేశాడు. లీఫ్ దగ్గర తప్పులే మిగిలాయి.

చాలామంది ఇక్కడితో పుస్తకం మూసేస్తారు. "పక్కవాడు" అంటే నా లెక్కలో ఇద్దరు. ఒకడు అదే రోజు వేరే జట్టుకి వెళ్లినవాడు. రెండోవాడు అదే జట్టులో, అదే ఏడాది, అదే చోట నిలబడి ఆడినవాడు. నన్నడిగితే ఈ రెండోవాడే ముఖ్యం. లీఫ్‌ని పక్కన కూర్చోబెట్టినప్పుడు చార్జర్స్ తరఫున క్రెయిగ్ వెలిహాన్ ఆడాడు. 320 సార్లు విసిరి 19 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. భాగించండి. 5.9 శాతం. లీఫ్‌కి దాదాపు సమానం! అంటే ఆ ఏడాది ఆ జట్టులో ఎవరు విసిరినా బంతి ఎదుటివాళ్లకే పోయింది. హెడ్ కోచ్‌ని ఆరు మ్యాచ్‌లకే పీకేశారు. మూడో గడిలో ఇవన్నీ రాయండి.

అలాగని లీఫ్‌ని వెనకేసుకురావడం లేదు. అదే జట్టులో వెలిహాన్ 8 టచ్‌డౌన్‌లు ఇచ్చాడు, 2.5 శాతం. లీఫ్ కంటే మూడు రెట్లు. 1999 అంతా భుజం గాయంతో పోయింది. అదే ఏడాది మానింగ్ జట్టు 13 మ్యాచ్‌లు గెలిచి మూడే ఓడింది. 2000లో లీఫ్ 11 టచ్‌డౌన్‌లు, 18 ఇంటర్‌సెప్షన్లు. తర్వాత చార్జర్స్ వదిలేసింది. మొత్తం కెరీర్ 25 మ్యాచ్‌లు, 14 టచ్‌డౌన్‌లు, 36 ఇంటర్‌సెప్షన్లు. ఆ తర్వాత నొప్పి మాత్రల వ్యసనం, జైలు. 2014లో బయటికొచ్చాడు. ఇప్పుడు వ్యసనం నుంచి బయటపడటం గురించి మాట్లాడుతుంటాడు.

నా తీర్పు అడిగితే: బస్టే. కానీ తప్పు పూర్తిగా అతని ఖాతాలో వేయను.

మొదటి గడి గురించి ఒక జాగ్రత్త. పాత పిక్‌లనీ కొత్త పిక్‌లనీ డబ్బుతో పోల్చకండి. 2010లో మొదటి పిక్ సామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి గ్యారంటీగా 5 కోట్ల డాలర్లు. 2011లో మొదటి పిక్ కామ్ న్యూటన్ ఒప్పందం మొత్తం కలిపినా 2.2 కోట్లే. మధ్యలో కొత్తవాళ్ల జీతాలకి పరిమితి పెట్టారు. 2007 మొదటి పిక్ జమార్కస్ రస్సెల్ పేరు చెబితే అప్పటి ఓక్లాండ్ రెయిడర్స్ అభిమానులకి ఇప్పటికీ ఒళ్లు మండేది అందుకే. గ్యారంటీయే 3 కోట్లు దాటింది. అతను మొదటి నుంచీ బరిలో దిగిన మ్యాచ్‌లు 25, గెలిచినవి 7.

ఇప్పుడు బాధంతా పిక్‌లు పోయినందుకే. ట్రే లాన్స్‌ని చూడండి. 2021లో 3వ పిక్ కోసం శాన్ ఫ్రాన్సిస్కో మయామికి మూడు మొదటి రౌండ్ పిక్‌లూ, ఒక మూడో రౌండ్ పిక్కూ ఇచ్చింది. చూసింది ఏమిటి? ఒక్క సీజన్. 2019లో 287 సార్లు విసిరి ఒక్క ఇంటర్‌సెప్షన్ ఇవ్వలేదు. కోవిడ్ వల్ల 2020లో ఆడింది ఒకే మ్యాచ్. శాన్ ఫ్రాన్సిస్కోలో నాలుగు మ్యాచ్‌లలోనే మొదటి నుంచీ బరిలో దిగాడు, 2022 సెప్టెంబరులో చీలమండ విరిగింది. పక్కవాడు బ్రాక్ పర్డీ, ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో చిట్టచివరి, 262వ పిక్. ఖాళీ అయిన చోట నిలబడి ఇక కదల్లేదు. 2023 ఆగస్టులో లాన్స్‌ని ఒక నాలుగో రౌండ్ పిక్‌కి డాలస్‌కి ఇచ్చేశారు. డాలస్ కౌబాయ్స్ ప్రాక్టీసు చేసేది ఫ్రిస్కోలో. మనవాళ్లు వీధికి పదిమంది ఉండే ఊరు. ఆ వారాంతం అక్కడ ఒక గృహప్రవేశంలో భోజనాల దగ్గర "చవగ్గా కొట్టేశాం" అని ఒకాయన తెగ సంబరపడ్డాడు. నేను పప్పు వడ్డించుకుంటూ ఊరుకున్నాను.

నేను మాత్రం తక్కువ తిన్నానా? 2018 మూడో పిక్ సామ్ డార్నోల్డ్ జెట్స్‌లో 13 గెలిచి 25 ఓడినప్పుడు నా నోట్‌బుక్‌లో పెన్నుతో బస్ట్ అని రాసి గీత కూడా కొట్టాను. అతను 2024లో మిన్నెసోటా వెళ్లి 14 గెలిచి మూడే ఓడాడు. ఆ పేజీ ఇంకా అలాగే ఉంది. పెన్సిల్ కొన్నాను.

ఈ వారం అభ్యాసం: డేవిడ్ కార్. 2002 మొదటి పిక్, అప్పుడే పుట్టిన హ్యూస్టన్ టెక్సన్స్. మొదటి ఏడాది అతన్ని 76 సార్లు పడేశారు, ఒక సీజన్‌లో ఎక్కువ శాక్‌ల రికార్డు అదే. నాలుగు గళ్లూ నింపండి. మొదటి గడి తేలిక, కొత్త జట్టు కాబట్టి లీగే ఆ పిక్ ఇచ్చింది. మూడో గడికి పేజీ చాలకపోతే వెనక్కి తిప్పండి. ఇంకొకటి, టెక్సన్స్ తమ మొట్టమొదటి మ్యాచ్‌లో డాలస్‌ని 19-10తో ఓడించింది. మొదటి టచ్‌డౌన్ విసిరింది కారే. వచ్చే పాఠంలో అతన్ని కాపాడాల్సిన ఐదుగురి గురించి, అంటే ఆఫెన్సివ్ లైన్ గురించి.