రియల్‌టైమ్ ఎఫ్ఎంఆర్ఐ శిక్షణకు వెళ్లేముందు జాగ్రత్తలు

(పెద్ద అయస్కాంతమున్న స్కానర్‌లో పడుకుని, మీ మెదడు పనిని అప్పటికప్పుడు తెరమీద బొమ్మగానో గీతగానో చూస్తూ, రకరకాల ఆలోచనా ఉపాయాలతో దాన్ని పెంచడం, తగ్గించడం నేర్చుకునే శిక్షణ ఇది.)

- పేస్‌మేకర్, చెవి ఇంప్లాంటు ఉంటే ముందే చెప్పండి. మెట్టెలు, పిన్నీసులు ఇంట్లోనే తీసేయండి.
- చెవుల్లో ప్లగ్‌లు తప్పనిసరి, యంత్రం మోత అలాంటిది.
- తల కదపొద్దు.
- తెరమీది మంట బొమ్మో, గీతో మీ ఆలోచన మారిన దాదాపు 5, 6 సెకన్లకు గానీ కదలదు. యంత్రం చూసేది మెదడులో రక్తప్రవాహాన్ని, అది మారడం అంత నెమ్మది మరి. కంగారుపడి క్షణానికో ఉపాయం మార్చకండి, ఒకటే పట్టుకుని కాసేపు ఆగండి.
- ఊపిరి బిగపట్టొద్దు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి, తెరమీద కనిపించే మెదడు సిగ్నల్ దానంతటదే పైకి లేస్తుంది. అది దొంగ గెలుపు!
- ప్రయోగాల్లో పోలిక కోసం కొందరికి కావాలనే నకిలీ సిగ్నల్ చూపిస్తారు. సమ్మతిపత్రం చదివాకే సంతకం.
- 2005లో అమెరికాలో దీర్ఘకాలిక నొప్పి ఉన్నవాళ్లు ఇలా నేర్చుకుని కొంత ఉపశమనం పొందారు. అయినా డాక్టరును అడక్కుండా మాత్రలు మానొద్దు.