వదులైన పళ్లు బిగిసిన వైనం

మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో చిన్న పెట్టె చేద్దామని, పక్కలు ఒకదానిలో ఒకటి దిగేలా 10 మి.మీ. పళ్లు, 10 మి.మీ. గాళ్లు గీశాను. కంప్యూటర్ తెర మీద వెంట్రుక దూరనంతగా కుదిరింది. లేజర్ యంత్రంతో కోసి తెచ్చి అమర్చి పైకి ఎత్తానో లేదో, పలకలన్నీ విడిపోయాయి. పైగా పళ్ల కొసలు బయటికి పొడుచుకొచ్చాయి.

లేజర్ గీత వెంట కొంత చెక్కను కాల్చేస్తుంది. ఆ మేరకు పన్ను సన్నబడుతుంది, గాడి వెడల్పవుతుంది, వదులు రెండింతలు. ఎంత కాలుతోందో తేల్చడానికి తెర మీద 100 మి.మీ. పొడవు గీసిన పట్టీని లేజర్‌తో పది ముక్కలుగా కోశాను. వాటిని దగ్గరికి నొక్కి వెర్నియర్ కాలిపర్‌తో కొలిస్తే 98.4 మి.మీ. వచ్చింది. మధ్య కోతలు తొమ్మిది, రెండు చివర్ల చెరో సగం కలిపి పది. అంటే కోతకు 0.16 మి.మీ. గీతలన్నిటినీ అందులో సగం, 0.08, బయటికి జరిపాను. రంధ్రాల గీతలను మాత్రం రంధ్రం లోపలికి జరపాలి. తొందరలో ఒకటి తిరగేశాను కూడా.

కొసల సంగతి వేరు. 3 అని అమ్మిన పలక నిజంగా 2.7 మాత్రమే! ప్లైవుడ్ మందాన్ని ఇక మాట మీద నమ్మను. పళ్ల పొడవు దానికి తగ్గించాను.

ఈసారి ముందుగా రెండు చిన్న తునకల మీద నాలుగేసి పళ్లు కోసి చూశాను. బొటనవేలితో గట్టిగా నొక్కితే టక్కున దిగాయి. పెట్టె మొత్తం అమర్చి, జిగురు పెట్టకుండానే తలకిందులు చేశాను. కదల్లేదు.