డాక్ కొనేముందు టీవీ వెనకాల ఏముందో చూడండి

మా బావమరిది గాజువాక నుంచి ఫోన్ చేసి "బావా డాక్ కొందామనుకుంటున్నా, ఈఎస్ఎస్ చిప్ ఉన్నది తీసుకోమంటావా ఏకేఎం ఉన్నదా" అన్నాడు. డాక్ అంటే డీఏసీ, డిజిటల్ సౌండ్‌ని అనలాగ్‌గా మార్చే చిన్న డబ్బా, ఆ రెండూ దాని లోపలి చిప్‌లు చేసే కంపెనీల పేర్లు. నీ టీవీ వెనకాల ఏ సాకెట్లు ఉన్నాయో చూశావా అంటే చూళ్ళేదంట. చిప్ పేరు తెలుసు గానీ వైరు ఎక్కడ గుచ్చాలో తెలీదు, చాలామందిది ఇదే కథ. నేనూ అంతే లెండి, మొదటిసారి ఒక్క యూఎస్బీ మాత్రమే ఉన్న డాక్ కొనేసి ఇంటికొచ్చాక టీవీకి ఎలా పెట్టాలా అని బుర్ర గోక్కున్నాను.

అసలు డాక్ చేసే పని చిన్నదే, అంకెల్లో ఉన్న పాటని ఆంప్లిఫయర్‌కి అర్థమయ్యే కరెంటుగా మార్చడం. ఇది మీ ఫోన్లో, ల్యాప్‌టాప్‌లో, టీవీలో ఆల్రెడీ ఉంటుంది. మరి వేరేగా ఎందుకు? టీవీకి హెడ్‌ఫోన్ రంధ్రం లేదు, నాన్నగారి కాలం ఆంప్‌కి ఎరుపు తెలుపు గుండ్రటి సాకెట్లు, అంటే ఆర్‌సీఏ, తప్ప ఇంకేం లేదు, లేదా కంప్యూటర్ జాక్‌లోంచి స్‌స్‌స్ అని సౌండ్ వస్తోంది, ఇలాంటివేమైనా ఉంటే కొనండి. ఇవేవీ లేకపోతే ఆ డబ్బులు స్పీకర్ల మీద పెట్టండి, తేడా అక్కడ ఎక్కువ తెలుస్తుంది.

టీవీకైతే మామూలుగా రెండు దార్లు. ఒకటి ఆప్టికల్, 1983లో తోషిబా వాళ్ళు తెచ్చింది, అందుకే టాస్‌లింక్ అంటారు. ప్లాస్టిక్ వైర్లో ఎర్రటి లైటు వెళ్తుంది అంతే. సౌండ్ ఎంత వివరంగా ఉందో బిట్లు, కిలోహెర్ట్జ్‌లలో చెప్తారు, దీంట్లో 24 బిట్ 96 కిలోహెర్ట్జ్ దాకా ఇబ్బంది లేదు, 192 కొన్నిటికే పనిచేస్తుంది, టీవీకి అంత అవసరమూ లేదు. వైరు కొసలకి చిన్న ప్లాస్టిక్ క్యాపులుంటాయి, అవి తియ్యకుండా గుచ్చేసి "సౌండ్ రావట్లేదు" అనొద్దు. ఇంకో ముఖ్యమైన సంగతి, టీవీ సెట్టింగుల్లో డిజిటల్ ఆడియో అవుట్‌ని పీసీఎంకి, అంటే కుదించని మామూలు సౌండ్‌కి, మార్చాలి, ఆటో అనో డాల్బీ అనో వదిలేస్తే మామూలు స్టీరియో డాక్‌కి అది అర్థం కాక మూగబోతుంది, లేదంటే గరగరమంటుంది. ఆప్టికల్ పెట్టాక చాలా టీవీల్లో రిమోట్‌తో వాల్యూమ్ మారదు, కాబట్టి డాక్‌కైనా ఆంప్‌కైనా రిమోట్ ఉండేలా చూసుకోండి, లేకపోతే సీరియల్లో ఏడుపు సీన్ వచ్చినప్పుడల్లా లేచి తిప్పాల్సొస్తుంది.

ఆ బాధ వద్దనుకుంటే రెండోది హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ, అంటే టీవీ సౌండ్‌ని హెచ్‌డీఎంఐ వైర్లోనే బయటికి పంపే దారి. టీవీ రిమోట్‌తోనే సౌండ్ పెంచుకోవచ్చు. కానీ ఇక్కడో తిరకాసు ఉంది, కొన్ని డాక్‌లకి వెనక హెచ్‌డీఎంఐ లాంటి సాకెట్ ఉంటుంది, పక్కన ఐ2ఎస్ అని రాసుంటుంది, అది టీవీకి కాదు, ఆకారం ఒకటే గానీ భాష వేరు. ఏఆర్‌సీ అని స్పష్టంగా రాసుంటేనే నమ్మండి.

కంప్యూటర్‌కి యూఎస్బీయే బెస్ట్. ఇప్పటి డాక్‌లన్నీ దాదాపు అసింక్రనస్ పద్ధతిలో పనిచేస్తాయి, అంటే టైమింగ్ డాక్ చేతిలోనే ఉంటుంది, కంప్యూటర్ వెనకాల నడుస్తుంది. విండోస్ 10లో 2017 అప్‌డేట్ నుంచి డ్రైవర్ కూడా దాంట్లోనే వచ్చేస్తుంది. అయితే కొన్ని వైర్లు ఛార్జింగ్‌కి మాత్రమే, డేటా పోదు, డాక్ చచ్చిపోయిందని బెంగపడేముందు వైరు మార్చి చూడండి.

యూఎస్బీతో నాకెదురైన అసలు తలనొప్పి హమ్. డెస్క్‌టాప్ మూడు పిన్నులది, ఆంపూ మూడు పిన్నులదే, రెండిటి ఎర్తూ యూఎస్బీ వైరు, ఆర్‌సీఏ వైరు మీదుగా చుట్టు తిరిగి కలిసిపోయి ఊఁఁ అని ఒకటే మోత, మౌస్ కదిపితే జిర్రుమనడం కూడా. దీన్ని గ్రౌండ్ లూప్ అంటారు. మీది ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పీకి బ్యాటరీ మీద పెట్టి చూడండి, మోత పోయిందంటే దొంగ దొరికినట్టే. ఆప్టికల్లో రాగి తీగే ఉండదు కాబట్టి ఆ గొడవ దాని గుండా రాదు, నేనూ చివరికి మదర్‌బోర్డు వెనకున్న ఆప్టికల్ వాడితే చప్పున ఆగింది. ఎవరైనా ఎర్త్ పిన్ను తీసెయ్ అంటారు, దయచేసి ఆ పని మాత్రం చెయ్యకండి, షాక్ కొడితే వినడానికి మీరుండరు.

కోయాక్సియల్ అంటే ఒంటి ఆర్‌సీఏ సాకెట్, ఎక్కువగా నారింజ రంగు. 192 దాకా హాయిగా పోతుంది. పాత డీవీడీ ప్లేయర్ అటక మీదుంటే దించండి, వెనక కోయాక్సియల్ ఉంటే మీ సీడీలకి అదే ప్లేయర్. వైరు 75 ఓమ్‌లది కావాలి, దాంతోపాటు వచ్చిన పసుపు వీడియో వైరు అచ్చంగా అదే, కొత్తది కొనక్కర్లేదు.

ఫోన్‌కి టైప్ సీ డాంగిల్ చాలు. బ్లూటూత్ ఉన్న డాక్ కావాలంటే ఎల్‌డాక్ అనే కోడెక్, అంటే బ్లూటూత్‌లో సౌండ్‌ని కుదించి పంపే పద్ధతి, 990 కేబీపీఎస్ దాకా పోతుంది, ఐఫోన్‌లో అది ఉండదు, ఏఏసీ అనే ఇంకో కోడెక్‌తో సర్దుకోవాలి.

ఇక చిప్, అంకెల సంగతి. డబ్బా మీద 768 కిలోహెర్ట్జ్, డీఎస్‌డీ (ఇంకో రకం ఆడియో ఫార్మాట్) 512 అని రాస్తారు. సీడీ 16 బిట్ 44.1. ఆ 16 బిట్లకే దాదాపు 96 డెసిబెల్స్ రేంజ్ ఉంది, మన హాల్లో ఫ్యాన్ తిరుగుతుంటే అంత కూడా వినపడదు. ఏ కంపెనీ చిప్ అయినా సర్క్యూట్ బాగా కడితే బాగుంటుంది. చూడాల్సింది ఆర్‌సీఏ అవుట్‌పుట్ 2 వోల్టులుందా, మీక్కావాల్సిన ఇన్‌పుట్లు ఉన్నాయా, ఇన్‌పుట్ మార్చడానికి బటన్ ముందుందా లేదా అని. మా బావమరిదికి చివరికి ఆప్టికల్, యూఎస్బీ రెండూ ఉన్న చిన్నది చెప్పాను, చిప్ పేరు ఇంకా అడుగుతూనే ఉన్నాడు.

వైజాగ్ వాళ్ళకి ప్రత్యేకంగా ఒకటి. మాది ఎంవీపీ కాలనీ, సముద్రం దగ్గరే, ఉప్పు గాలికి ఆర్‌సీఏ జాకులు ఏడాదికే పచ్చగా చిలుం పట్టాయి, ఒకవైపు స్పీకర్ వస్తూ పోతూ ఉండేది. ఇక్కడ మాత్రం బంగారు పూత పిన్నులు పనికొస్తాయి, సౌండ్ కోసం కాదు, చిలుం పట్టకుండా. ఆరు నెల్లకోసారి అన్నీ ఆఫ్ చేసి, వైర్లు పీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదితో తుడిచి, ఆరాక మళ్ళీ పెట్టండి. వాడని ఆప్టికల్ సాకెట్‌కి మూత పెట్టేయండి, ఆ క్యాపుల్ని అందుకే పారేయొద్దు.