కోబాల్‌లో డబ్బు లెక్కలకు ఏ రకం ఫీల్డు వాడాలి

వ్యాపార లెక్కలకు వాడే ప్రోగ్రామింగ్ భాష కోబాల్‌లో ఒక సంఖ్యకు ఫీల్డు, అంటే దాన్ని దాచే చోటు, ప్రకటించే ముందు, దానితో కూడికలు, గుణకారాలు చేస్తామా, లేక ఉన్నదున్నట్టు చూపించి ఊరుకుంటామా అన్నది తేల్చుకోవాలి. ఖాతా నంబరును, పిన్ కోడును ఎవరూ కూడరు కనుక అవి అంకెలే అయినా అక్షరాల ఫీల్డులో ఉండడమే మంచిది.

సంఖ్యను ద్విసంఖ్యామానంలో, అంటే 0, 1 అంకెలతోనే, దాచే ఫ్లోటింగ్ పాయింట్ రకాలైన కాంప్-1, కాంప్-2 డబ్బుకు పనికిరావు. మూడో వంతును దశాంశాల్లో ఎంత పొడుగున రాసినా పూర్తికానట్టే, పది పైసలను, అంటే 0.10ని, ద్విసంఖ్యామానంలో రాయబోతే అంకెలు తెగకుండా సాగుతూనే ఉంటాయి. యంత్రం వాటిని ఎక్కడో ఒకచోట ఆపి దగ్గరి విలువతో సరిపెట్టుకుంటుంది. ఆ తేడా ఒక్క బిల్లులో కనిపించదు, నెలాఖరున మొత్తాలు సరిచూసేటప్పుడు బయటపడవచ్చు.

డబ్బుకు తగినది కాంప్-3, అంటే ప్యాక్డ్ డెసిమల్. ఇందులో బైటుకు రెండు అంకెలు ఇముడుతాయి, చివరి అర బైటు ధన, రుణ గుర్తుకు పోతుంది. రూపాయలకు ఏడు, పైసలకు రెండు అంకెలున్న ఫీల్డు, అంకెకో బైటు పట్టే డిస్‌ప్లే రూపంలో 9 బైట్లు తీసుకుంటే ఇక్కడ 5 బైట్లలో సరిపోతుంది. అంకెలు బేసి సంఖ్యలో ఉంటే అర బైటు కూడా వృథా కాదు. అయితే మొత్తం వేసే ఫీల్డుకు విడి బిల్లు ఫీల్డు కొలతే ఇవ్వడం తరచూ జరిగే పొరపాటు. రూపాయలకు ఏడు అంకెలే ఉంటే, మొత్తం సరిగ్గా కోటికి చేరగానే పై అంకె రాలిపోయి సున్నా మిగులుతుంది. ఫలితం ఫీల్డులో పట్టనప్పుడు ఏం చేయాలో చెప్పే ఆన్ సైజ్ ఎర్రర్ రాయకపోతే ప్రోగ్రాము ఆ సంగతి చెప్పను కూడా చెప్పదు. నేనైతే మొత్తాలకు నాలుగు అంకెలు ఎక్కువే ఇస్తాను.

ఇక పైసల కింద మిగిలే భిన్నం సంగతి. 1,250.75 రూపాయల సరుకుపై 18 శాతం జీఎస్టీ 225.135 రూపాయలు అవుతుంది. లెక్క చేసే కంప్యూట్ వాక్యంలో రౌండెడ్ అన్న మాట లేకపోతే కోబాల్ మూడో దశాంశాన్ని కోసేసి 225.13 ఇస్తుంది, ఉంటే 225.14 ఇస్తుంది. అదే పన్నును కేంద్రానికి 9, రాష్ట్రానికి 9 శాతంగా విడదీస్తే ఒక్కొక్కటి 112.5675 వస్తుంది, రెండింటినీ విడివిడిగా కోసి కూడితే 225.12 మాత్రమే. అందుచేత మధ్యలో వచ్చే ఫలితాలకు నాలుగైదు దశాంశ స్థానాలు ఉంచి, బిల్లుపై ముద్రించే అంకె దగ్గర ఒక్కసారే రౌండెడ్ వాడాలి. ఆ చోటు ఏదో అకౌంట్స్ వారితో ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

లూపు ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టే కౌంటర్లకు, పట్టికలో ఎన్నో అంశం కావాలో చెప్పే సబ్‌స్క్రిప్టులకు బైనరీ రకమైన కాంప్ సరిపోతుంది. చక్రవడ్డీలో ఘాతాంకం పూర్ణాంకం కాకపోతే మాత్రం, మనం వద్దనుకున్నా కంపైలరే మధ్యలో ఫ్లోటింగ్ పాయింట్‌లోకి వెళుతుంది. అక్కడి ఫలితాన్ని వెంటనే రౌండెడ్‌తో కాంప్-3 ఫీల్డులోకి తెచ్చుకుని, తరువాతి లెక్కలన్నీ దానితోనే నడపాలి.