వంశచరిత్ర రాద్దాం – 5వ పాఠం: షెరీఫ్ ప్యాట్ గారెట్ కుటుంబం

పోయిన పాఠంలో జనాభా లెక్కల పుస్తకాలు చదవడం చూశాం. ఈసారి ఒక మనిషిని తీసుకుని పని మొదలుపెడదాం. ప్యాట్ గారెట్, అమెరికాలోని న్యూమెక్సికోలో లింకన్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) షెరీఫ్, అంటే ఆ కౌంటీ పోలీసు అధికారి. 1881 జూలై 14 రాత్రి పేరుమోసిన బందిపోటు బిల్లీ ది కిడ్‌ను కాల్చి చంపినవాడని లోకానికి తెలుసు. మనం మాత్రం ఆ రాత్రిని పక్కన పెడదాం. అక్కడే కూర్చుంటే ఆయన భార్య, పిల్లలు, అప్పులు, పొలాలు ఏవీ మన కంట పడవు.

ముందు పుట్టుక. 1850 జూన్ 5, అలబామా రాష్ట్రం, చాంబర్స్ కౌంటీ. అదే ఏడాది జనాభా లెక్కలు జరిగాయి కదా, అందులో పిల్లాడి పేరు ఉండాలి అనుకుంటాం. కనిపించకపోతే టెన్షన్ పడొద్దు. ఆ లెక్కకు ప్రమాణ తేదీ జూన్ 1. ఉద్యోగి ఇంటికి ఆగస్టులో వచ్చినా సరే, జూన్ 1 తర్వాత పుట్టిన పిల్లల్ని రాయకూడదు. నాలుగు రోజుల తేడా! కాబట్టి ఈ పిల్లాణ్ణి 1860 లెక్కల్లో వెతకాలి, అదీ లూసియానాలో. కుటుంబం అప్పటికే అక్కడికి తరలిపోయింది.

తర్వాత పెళ్లి. 1880 జనవరి 14న ఆంటన్ చీకో అనే ఊళ్లో అపోలినారియా గుటియెరెజ్‌ను చేసుకున్నాడు. ఆడవాళ్ల పుట్టింటి పేరు ఇంగ్లీషు రికార్డుల్లో పెళ్లితోనే మాయమవుతుంది. క్యాథలిక్ చర్చి పెళ్లి పుస్తకంలో మాత్రం సాధారణంగా వధూవరుల తల్లిదండ్రుల పేర్లు కూడా ఉంటాయి. అందుకే ఎప్పుడూ అమ్మాయి వైపు నుంచి కూడా వెతకండి. చాలా వంశవృక్షాలు సగమే ఉండటానికి కారణం ఈ పని చేయకపోవడమే.

ఇక ఉద్యోగం. 1880 నవంబరులో ఎన్నికయ్యాడు. అప్పట్లో అక్కడ షెరీఫే పన్నులూ వసూలు చేసేవాడు, అందుకని జామీను బాండ్ ఇవ్వాల్సి వచ్చేది. ఇలాంటి బాండ్ దొరికితే వదలొద్దు. జామీనుదారుల సంతకాలు చూస్తే ఆ మనిషిని నమ్మి డబ్బు పూచీ పడ్డవాళ్లెవరో తెలుస్తుంది.

ఈ పాఠంలో అసలు విషయం కౌంటీ హద్దులు. బిల్లీ చనిపోయిన ఫోర్ట్ సమ్నర్ 1881లో లింకన్ కౌంటీలో లేదు, శాన్ మిగెల్ కౌంటీలో ఉంది. శవ పంచనామా చేసింది శాన్ మిగెల్‌వాళ్లే. ఇప్పుడు అదే ఊరు 1917లో ఏర్పడిన డి బాకా కౌంటీలో ఉంది. గారెట్ తర్వాత స్థిరపడిన రాస్‌వెల్ వైపు ప్రాంతం 1889లో చావెస్ కౌంటీ అయింది. మ్యాప్ చూసి ఇప్పటి కౌంటీ ఆఫీసుకు వెళితే పాత కాగితం దొరకదు. ఆ ఏడాది ఆ ఊరు ఎవరి కింద ఉందో ముందు రాసుకోవాలి. మన దగ్గరా ఇదే సమస్య: 2016లో తెలంగాణలో, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు మారాయి, తాలూకాలు అంతకుముందే మండలాలయ్యాయి.

1890 లెక్కలు చాలావరకు 1921 అగ్నిప్రమాదంతో పోయాయి. గారెట్‌కు అవి కీలకమైన ఏళ్లు: పెకోస్ లోయలో కాలువల వ్యాపారం, నష్టాలు, టెక్సస్‌కు మకాం. అదృష్టం కొద్దీ న్యూమెక్సికోలో 1885లో విడిగా లెక్కలు తీశారు. ఆ తర్వాత భూమి దస్తావేజులే గతి. 1885లోనే కూతురు ఎలిజబెత్ పుట్టింది. చూపు లేని ఆ అమ్మాయి పెద్దయ్యాక రాసిన పాటనే 1917లో న్యూమెక్సికో రాష్ట్ర గీతంగా తీసుకున్నారు. తండ్రి తుపాకీ కన్నా నాకు ఆమె కథే గొప్పగా కనిపిస్తుంది.

1908 ఫిబ్రవరి 29న లాస్ క్రూసెస్ దగ్గర దారిలో గారెట్‌ను కాల్చి చంపారు.

అభ్యాసం: ఆయన బతికిన కాలాన్ని ఏళ్లు, నెలలు, రోజుల్లో లెక్కకట్టండి. 57 ఏళ్ల 8 నెలల 24 రోజులు రావాలి. సమాధి రాయి మీద వయసు మాత్రమే ఉంటే, ఇదే లెక్క వెనక్కి వేసి పుట్టిన తేదీ పట్టుకోవచ్చు. రెండోది, మీ వంశంలో ఒకప్పుడు కరణంగానో మునసబుగానో పనిచేసినవాళ్లుంటే వాళ్ల ఊరు పదేళ్లకొకసారి ఏ తాలూకా, ఏ జిల్లాలో ఉందో పట్టిక వేయండి. వచ్చే పాఠంలో ఆ పట్టిక పెట్టుకుని దస్తావేజులు చదువుదాం.