వీధి కుక్కపిల్లకు ఇల్లు చూడటం ఎలా

కాటుక జూన్‌లో మా ఇంటికొచ్చింది. ఉప్పల్ రింగ్ రోడ్డు పక్కన ఆగిన లారీ కింద దొరికింది. 2 నెలల పిల్ల, ఒంటినిండా గోమార్లు. "పది రోజులే" అని మా ఆయనకి మాటిచ్చాను. ఆ పది రోజులు కాస్తా దాదాపు ఐదు నెలలైంది. నల్లది, ఆడది, వీధిది. మూడూ కలిస్తే ఫోన్లు రావు. శనివారం నల్లకుక్కకి రొట్టె వేసేవాళ్లు బోలెడుమంది, ఇంటికి తీసుకెళ్లేవాళ్లే కనపడరు.

అంతకుముందు ఐదు పిల్లలకి ఇళ్లు చూశాను, అందులో ఒకటి వెనక్కొచ్చింది కూడా. కాబట్టి నేను చెప్పేదాంట్లో సగం తప్పులు చేసి నేర్చుకున్నదే.

ముందు డాక్టర్. నులిపురుగుల మందు, గోమార్లకి మందు, ఆ తర్వాత టీకాలు. మొదటిది 6 నుంచి 8 వారాల వయసులో, తర్వాతవి 3, 4 వారాల ఎడంతో వేస్తారు. రేబిస్ టీకా 3 నెలలకి. ఇవి పూర్తయ్యేదాకా పిల్లని రోడ్డు మీద నడిపించొద్దు, పార్వో అనే వైరస్ జబ్బు వస్తే కళ్ల ముందే నీరసించిపోతుంది. తిండి మానేసి జ్వరంగా ఉంటే గోమార్ల జ్వరమేమోనని రక్తపరీక్ష చేయించండి. మీకు గీరుకున్నా, కొరికినా సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లి ఇంజెక్షన్ గురించి అడగండి. చిన్నపిల్లే కదా అని వదిలేయొద్దు.

తర్వాత రెండు వారాలు ఊరికే గమనించండి. నేనైతే ఫ్రిజ్ మీద కాగితం అంటించి రాశాను. కుక్కర్ కూత వినపడితే మంచం కింద దూరుతుంది. హెల్మెట్ పెట్టుకున్నవాళ్లని చూస్తే మొరుగుతుంది. పిల్లల చేతిలో బిస్కెట్ లాక్కుంటుంది. నాలుగు గంటలు ఒంటరిగా ఉండగలదు, ఐదో గంటకి చెప్పు నమలడం మొదలు. దానికి సరిపోయే ఇల్లేదో చివరికి ఈ కాగితమే చెప్పింది.

ఫొటోల విషయంలో నల్లకుక్కలతో పెద్ద తలనొప్పి. మొదట ట్యూబ్‌లైట్ కింద తీసినవాటిలో రెండు కళ్లు తప్ప ఏమీ లేవు. పొద్దున ఏడింటికి బాల్కనీలో పాత తెల్ల దుప్పటి పరిచి, నేను నేల మీద బోర్లా పడుకుని తీశాను. మెడకి పసుపు చున్నీ ముక్క కట్టాను. అప్పుడు ముఖం కనిపించింది. ఎంత సైజో తెలియడానికి పక్కన మనిషి చెయ్యి ఉన్న ఫొటో ఒకటి పెట్టండి, నడుస్తున్న చిన్న వీడియో కూడా. గాయాల ఫొటోలు మాత్రం వద్దు. జాలితో వచ్చే ఫోన్లు రెండో రోజుకే ఆగిపోతాయి.

ప్రకటనలో రాసింది ఇంతే: "కాటుక. ఆడపిల్ల, 4 నెలలు, 8 కిలోలు. టీకాలయ్యాయి. పెరుగన్నం, గుడ్డు తింటుంది. కుక్కర్ అంటే భయం, చెప్పులంటే ప్రాణం. రోజంతా తాళం వేసుకుని వెళ్లే ఇంటికి ఇవ్వను." ఆ చివరి వాక్యానికి కొందరు నొచ్చుకున్నారు. నొచ్చుకోనివ్వండి.

ఫోన్ చేసినవాళ్లని నేను అడిగే మొదటి ప్రశ్న: ఇల్లు సొంతమా, అద్దెదా? అద్దెదైతే ఓనర్‌తో నేనే మాట్లాడతాను. వెనక్కొచ్చిన పిల్ల విషయంలో ఇది అడగలేదు, తొమ్మిదో రోజు ఓనర్ ఒప్పుకోలేదని తెచ్చి ఇచ్చేశారు. జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల ప్రకారం అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదు. కానీ రూల్ మన వైపు ఉన్నంత మాత్రాన ఓనర్‌తో రోజూ గొడవపడే ఓపిక అందరికీ ఉండదు కదా.

రెండో ప్రశ్న: సంక్రాంతికి ఊరెళ్తే కుక్క ఎక్కడుంటుంది? చాలామంది ఇక్కడే తడబడతారు. మూడోది: రాత్రి ఎక్కడ పడుకుంటుంది? "గేటు దగ్గర కట్టేస్తాం, దొంగల భయం" అంటే మర్యాదగా వద్దని చెప్పేస్తాను. పిల్లాడి పుట్టినరోజుకి సర్‌ప్రైజ్ అన్నవాళ్లకీ అదే జవాబు.

ఇల్లు చూడకుండా ఇవ్వొద్దు, అందరూ ఉన్నప్పుడే వెళ్లండి. వనస్థలిపురంలో ఒక రిటైర్డ్ టీచర్ గారింటికి కాటుకని తీసుకెళ్లాను. ఆయన రోజూ పొద్దున ఐదున్నరకి నడకకి వెళ్తారట, తోడు కావాలన్నారు. ఆంటీ మాత్రం సోఫాలోంచి కదలకుండా "నాకు కుక్కలంటే భయమమ్మా. వంటింట్లోకి రాకపోతే చాలు" అన్నారు.

"కుక్కర్ పెడితే అదే రాదు ఆంటీ" అన్నాను. ఆవిడ మొదటిసారి నవ్వారు. "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో" అన్నవాళ్ల కంటే ఆవిడ మీదే నాకు నమ్మకం కుదిరింది. ఇంకో రెండుసార్లు వెళ్లాం. మూడోసారి కాటుక ఆవిడ చెప్పుల మీద తల పెట్టి పడుకుంది, నమల్లేదు.

కుదిరిందని వెంటనే ఇచ్చేయలేదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ నేనే చేయించి, కుట్లు మానాక, దీపావళి బాంబులు కూడా సద్దుమణిగాకే పంపాను. కొత్త ఇంట్లో ఉండగా బయట బాంబు పేలితే గేటు దూకి పోతుంది, దారి తెలియదు. "ఆపరేషన్ తర్వాత చేయిస్తాంలెండి" అన్న మాట నేను నమ్మను. కుక్కకి కడుపు 63 రోజులే, వాయిదా వేస్తే మళ్లీ పిల్లలు రోడ్డు మీదకే.

ఇచ్చేటప్పుడు టీకాల పుస్తకం, వారానికి సరిపడా అలవాటైన తిండి, ఉతకని దాని దుప్పటి ఇవ్వండి. మెడపట్టీకి రెండు ఫోన్ నంబర్లున్న బిళ్ల తగిలించండి. మొదటి వారాల్లో మెడకొకటి, ఒంటికొకటి, రెండు పట్టీలు వేసి నడిపించమనండి. వేరేవాళ్లకి ఇవ్వబోమని, కుదరకపోతే మనకే తిరిగిస్తామని కాగితం మీద సంతకం తీసుకోండి.

మొదటి మూడు రోజులు తినకపోవచ్చు, మూలన కూర్చోవచ్చు. ముందే చెప్తే వాళ్లకి టెన్షన్ ఉండదు. మూడో రోజు, మూడో వారం, మూడో నెల ఫోన్ చేయండి. మూడో వారం నేను చేస్తే ఆంటీయే ఎత్తారు. అంకుల్ దాన్ని నడకకి తీసుకెళ్లినప్పుడే కుక్కర్ పెడుతున్నారట. వాళ్లింట్లో ఇప్పుడు పొద్దున ఆరింటికల్లా పప్పు ఉడికిపోతోంది.